దోహా స్కూల్లో వెదురు పుల్లలు

నేను పనిచేసిన స్కూల్లో పిల్లల భవిష్యత్తు చెప్పేవి రెండు ఉండేవి. ఒకటి కింది అంతస్తులో నా గదిలో ఉన్న కంప్యూటరు. రెండోది పై అంతస్తులో ఆర్ట్ రూములో ఉన్న ఒక వెదురు గొట్టం. నా కంప్యూటరు ముందు కూర్చుని బోలెడన్ని ప్రశ్నలకు టిక్కులు పెడితే, చివర్లో రంగురంగుల చక్రం ఒకటి గీసి, నీకు ఫలానా వృత్తి సరిపోతుందని చెప్పేది. ఆ గొట్టాన్ని పట్టుకుని ఊపితే ఒక పుల్ల జారి కింద పడేది, అంతే. పిల్లలు నా దగ్గరికి పిలిస్తే వచ్చేవారు. అక్కడికి మాత్రం పిలవకపోయినా పోయేవారు.

స్కూల్ కౌన్సిలర్లుగా ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు కొందరు నన్ను అనుభవాలు చెప్పమంటూ ఉంటారు. పెద్ద పెద్ద విజయాలు చెబుతానని వాళ్ళ ఆశ. నాకు ముందు గుర్తొచ్చేది ఆ గొట్టమే.

మాది పాలకొల్లు దగ్గర. మావారికి దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగం కావడంతో పెళ్ళయిన కొత్తలోనే ఖతార్ వచ్చాను. అక్కడి కంపెనీ క్వార్టర్సులో చాలాకాలం ఇసుకనూ సముద్రాన్నీ చూస్తూ గడిపాక, ఆయనకు దోహాకు బదిలీ అయింది. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో కింది భాగం అద్దెకు తీసుకున్నాం. ఎప్పుడో చదివి పక్కన పెట్టిన సైకాలజీ డిగ్రీ అప్పుడు పనికొచ్చింది. మన దేశపు సిలబస్ చెప్పే స్కూల్లో కౌన్సిలర్‌గా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆ గొట్టం తెచ్చింది మా ఆర్ట్ టీచర్. ఆవిడది మలేషియాలోని పెనాంగ్, చైనా మూలాల కుటుంబం. భర్త విమానాశ్రయంలో ఇంజినీరు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ చేతులకు రంగులతో ఉండేది. పిల్లల మీద కోపం వస్తే అరబీలో 'యల్లా, యల్లా', అంటే పదండి పదండి, అనడం తప్ప ఇంకో తిట్టు ఆవిడకు రాదు. మా ఇద్దరికీ భోజనాల దగ్గర స్నేహం కుదిరింది. నేను తెచ్చిన చేపల పులుసు ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తినేది. ఆవిడ తెచ్చిన నూడుల్స్ నేను ఆవకాయ కలుపుకుని తినేదాన్ని.

స్కూల్లో ఏటా దేశదేశాల సంస్కృతుల పండుగ జరుగుతుంది. ఒక ఏడాది ఆవిడ తన స్టాలులో చైనా కాగితం దీపాలతో పాటు, వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన వెదురు గొట్టం పెట్టింది. అందులో నూరు దాకా సన్నని పుల్లలు, ఒక్కోదాని మీద ఒక అంకె. మనసులో తన పేరు, తానుండే చోటు చెప్పుకుని, అడగదలుచుకున్నది స్పష్టంగా అడిగి, గొట్టాన్ని ముందుకు వంచి ఒక పుల్ల పడేదాకా ఊపాలి. తర్వాత అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కముక్కల్ని నేలమీద వేయాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఆ పుల్ల మనదే. రెండూ ఒకేలా పడితే మళ్ళీ మొదటికి. పుల్ల మీది అంకెను బట్టి ఒక చీటీ తీస్తారు. దాని మీద నాలుగు పాదాల పద్యం, పద్యం కింద చిన్న చిన్న గడులు. చదువుకొకటి, ప్రయాణానికొకటి, పెళ్ళికొకటి, వ్యాపారానికొకటి, రోగానికొకటి. పద్యం ఒకటే అయినా అడిగిన ప్రశ్నను బట్టి అర్థం మారుతుందన్నమాట.

"మా ఊళ్ళో గుడి పక్కనే అమ్మమ్మ ఇల్లు" అని చెప్పింది నాకు. "పరీక్షల కాలం వస్తే పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు పట్టుకుని బారులు తీరేవారు. ఏ కాలేజీకి వెళ్ళాలి, ఏ కోర్సు తీసుకోవాలి, అన్నీ పుల్లల్నే అడిగేవారు."

"మరి అవి చెప్పినట్టే చేసేవారా?"

"సగంమంది చేసేవారు. మిగతా సగం మంచి పుల్ల పడేదాకా ఇంకో గుడికి, ఇంకో గుడికి వెళ్ళేవారు" అని నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది గానీ తప్పుపట్టడానికి నోరు రాలేదు. మేము క్రైస్తవులం. ఏడాది చివరి ఆరాధనలో పళ్ళెంలో వాగ్దానపు కార్డులు తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, అందులో వచ్చిన వాక్యాన్ని ఏడాది పొడవునా ఫ్రిజ్ మీద అంటించుకునేదాన్ని నేనే. వాగ్దానం వేరు, జోస్యం వేరు అని మా పాస్టరు గారు చక్కగా విడదీసి చెబుతారు. చెప్పినప్పుడు అర్థమవుతుంది. తీసేటప్పుడు మాత్రం చెయ్యి రెండు కార్డుల మధ్య కాసేపు తచ్చాడుతూనే ఉంటుంది.

పండుగ అయిపోయినా గొట్టం ఇంటికి పోలేదు. పన్నెండో తరగతి పిల్లలు వదల్లేదు. ఇంజినీరింగా, కామర్సా, ఇండియా వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా అని రోజూ ఎవరో ఒకరు. ఆవిడ చీటీ తీసి చదువు గడిలో ఉన్నది చెప్పి, 'ఇది విన్నాక నీకేమనిపించింది?' అని అడిగేది. తర్వాత అరగంట పిల్లలే మాట్లాడేవారు. ఒకడికి 'శరత్కాలం దాకా ఆగు' అని వచ్చిందట. దోహాలో శరత్కాలం ఎప్పుడొస్తుందో చెప్పండి మేడమ్ అని నా గదికి వచ్చాడు. నా కంప్యూటరులో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

నాకు అసూయ కలగలేదంటే నమ్మకండి. నేను అపాయింట్‌మెంట్లు ఇచ్చి, తలుపు వేసి, టిష్యూ పెట్టె దగ్గర పెట్టుకుని కూర్చున్నా 'ఏం లేదు మేడమ్, అంతా బాగానే ఉంది' అని వెళ్ళిపోయే పిల్లలు, అక్కడ బల్ల మీద రంగు డబ్బాల మధ్య కూర్చుని కడుపులోదంతా కక్కేసేవారు.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ఆవిడ గొట్టాన్ని తాళం లేని అరలో ఉంచింది. ఆవిడ లేనప్పుడు, లంచ్ బెల్లులో పిల్లలే తీసుకుని ఊపడం మొదలుపెట్టారు. చీటీల మీద ఉన్నది చైనా లిపి. ఫోను కెమెరా దాని మీద పెడితే ఇంగ్లీషు వస్తుంది కదా, అదీ వచ్చీరాని ఇంగ్లీషు. పద్యం ఒక్కటే చదివేవారు. కింద గడులున్నాయని కూడా చాలామందికి తెలియదు. చెక్కముక్కలు వేయడం ఎప్పుడో మానేశారు.

ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. స్కూల్లో జాదూ నేర్పుతున్నారని. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయన మతంలో జోస్యం చూడడం పాపం, పైగా ఈ దేశంలో దాన్ని తేలిగ్గా తీసుకోరు. మా ప్రిన్సిపల్ చాలా నెమ్మదైన మనిషి. ఎంత ఆందోళనలో ఉంటే అంత మెల్లగా మాట్లాడుతుంది. ఆ రోజు ఆవిడ మాటలు వినడానికి మేమిద్దరం కుర్చీలు ముందుకు జరుపుకోవలసి వచ్చింది.

"ఆయనకు నేను నచ్చజెప్పాను. సాంస్కృతిక ప్రదర్శన, అయిపోయింది అన్నాను. కానీ ఇలాంటిది ఇంకొకటి వచ్చి, విషయం స్కూలు గేటు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు. మీ ఉద్యోగమూ, వీసా కూడా. గొట్టం రేపటికి ఇక్కడ ఉండకూడదు."

ఆర్ట్ టీచర్ తల ఊపింది. బయటికి వచ్చాక, "అమ్మమ్మ వింటే నన్నే తిట్టేది. పుల్లల్ని బొమ్మల్లాగా వదిలేశావు అని" అంది.

ఆ రెండో ఫిర్యాదు మర్నాడే వచ్చేటట్టు కనిపించింది.

మా వీధికి కాస్త అవతల, గదులుగా విడగొట్టిన పాత విల్లా ఒకటి ఉండేది. అందులో జగిత్యాల వైపు కుటుంబం ఒకటి ఉండేది. అతను కూలీగా వచ్చి, కూలీల క్యాంపులో ఉంటూ క్రేన్ నడపడం నేర్చుకుని, ఆపరేటర్ అయి, తర్వాత ఆపరేటర్ల మీద ఫోర్‌మన్ అయ్యాడు. ఫ్యామిలీ స్టేటస్ వచ్చాక భార్యనూ కూతుర్నీ తెచ్చుకున్నాడు. వెస్ట్ బేలో అప్పుడు లేస్తున్న ఒక టవర్ దగ్గర డ్యూటీ. ఆపరేటర్ ఎవరైనా రాకపోతే అప్పటికీ తనే పైకెక్కేవాడు. కూతురు మా స్కూల్లోనే పన్నెండో తరగతి. బాగా చదివే పిల్ల. డాక్టర్ చదువుతుందని తండ్రి ఊరంతా చెప్పుకున్నాడు. నీట్ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి గడువు దగ్గర పడుతుంటే ఆ అమ్మాయి ఉన్నట్టుండి రాయనంది. ఎందుకు రాయవు అంటే జవాబు లేదు. నేను రెండుసార్లు గదికి పిలిచాను. 'ఏం లేదు మేడమ్.' నా కంప్యూటరు ఆ పిల్లకు హోటల్ మేనేజ్‌మెంట్ అని చెప్పి ఉంది. పరీక్ష భయం అనుకుని, ఊపిరి మెల్లగా తీసి వదలడం నేర్పి పంపాను.

ఆ మర్నాడు ఉదయం వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "మేడమ్, మా పొల్ల స్కూల్ల ఏదో పుల్ల తీసిందట. అండ్ల నది దాటద్దని అచ్చిందట. గందుకే పరీచ్చ రాయనంటున్నది. ఆయన స్కూలుకే అస్తున్నడు మేడమ్, మస్తు గుస్స మీదున్నడు."

ఫోన్ పెట్టేసి పైకి పరుగెత్తాను. ఆర్ట్ టీచర్ గొట్టాన్ని ఒక గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. విషయం చెప్పాను.

"నా దగ్గర ఆ అమ్మాయి ఎప్పుడూ పుల్ల తీయలేదు" అంది.

"లంచ్‌లో తీసి ఉంటుంది."

"ఏ చీటీ?"

నది దాటొద్దని వచ్చిందట అని చెప్పాను. ఆవిడ సంచిలోంచి చీటీల కట్ట తీసి వెతికి ఒకటి బయటికి లాగింది. చదివి, "నేనూ వస్తాను" అంది. రావద్దన్నాను. ఆయన కోపమంతా నామీదే పోనీ, ఆవిడ కనబడకుండా ఉంటే మంచిదనుకున్నాను. "నా పుల్లలు. నేనే వస్తాను" అని సంచి భుజానికి తగిలించుకుని నాతో కిందికి దిగింది.

అతను నా గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఎండకు నల్లబడిన ముఖం, కళ్ళచుట్టూ మాత్రం గాగుల్స్ పెట్టుకున్న మేర లేత రంగు. గుస్స మీద ఉన్నవాడిలా లేడు, అలసిపోయినవాడిలా ఉన్నాడు. కూతురు కిటికీ పక్కన నిలబడి ఉంది.

"మేడమ్, నేను సదువుకున్నోన్ని గాదు" అన్నాడు. "ఊళ్ళె మేమూ గుడిల చిట్టీలేసి తీస్తం. ఎరుక అడుగుతం. తప్పంటలేను. గని పొల్ల బతుకు మొత్తం ఒక కట్టెపుల్ల మీద పెడ్తమా? జెర మీరే చెప్పున్రి దానికి."

ఫిర్యాదు కాదు, బతిమాలడం. ఆ పిల్ల వైపు తిరిగి నాకు వచ్చిన ఉపదేశం మొదలుపెట్టాను. పుల్లలు వట్టి ఆట అనీ, నీ కష్టమే నీ భవిష్యత్తు అనీ. ఆ పిల్ల నేల చూస్తూ విన్నది. ఇంతకు ముందు రెండుసార్లు కూడా అలాగే విన్నది.

ఆర్ట్ టీచర్‌కు తెలుగు రాదు. నా మాటలు అయ్యేదాకా ఆగి, చీటీ బల్లమీద పెట్టి ఆ అమ్మాయిని ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు దేని గురించి అడిగావు? అది తెలియకుండా దీన్ని చదవలేం. చదువు గురించి అయితే ఇందులో చాలా మంచిగా ఉంది, నిశ్చింతగా రాయమని. ప్రయాణం గురించి అయితే ఆగమని. ఏమడిగావు?"

ఆ ప్రశ్న మేమెవ్వరం అడగలేదు. పుల్లలో ఏమొచ్చిందో అందరం అడిగాం.

అమ్మాయి ముందు చీటీ వైపు, తర్వాత తండ్రి వైపు చూసింది. "చదువు గురించి అడగలే" అంది తెలుగులో.

"మరి దేని గురించి అడిగావమ్మా?" అన్నాను.

"బాపు గురించి."

తండ్రి తలెత్తాడు. "నా గురించి ఏందే?"

"నేను ఇండియాకు పోతే బాపు బతుకుతడా అని అడిగిన."

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "బిడ్డా" అన్నాడు. ఆపమని చెప్పడమది. కానీ ఇన్నాళ్ళ మాట ఒకసారి బయటికి వచ్చాక ఆగలేదు. పొద్దున మంచం మీద నుంచి లేస్తూ తండ్రి గోడ పట్టుకోవడం, మెట్ల మీద కూర్చుండిపోవడం, ఒకరోజు స్నానాల గదిలో పడిపోవడం. దోస్తుతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ పిల్ల విన్నది: క్రేన్ నిచ్చెన ఎక్కుతుంటే సగం ఎత్తులో కళ్ళకు చీకట్లు వచ్చి, తిరిగి చూపు వచ్చేదాకా నిచ్చెనను వాటేసుకుని నిలబడ్డాడట. విన్నదని తెలిసి, తల్లికిగానీ ఎవరికిగానీ చెప్పనని తన మీద ఒట్టు పెట్టించుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నాకు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఏ మనిషికీ చెప్పనని బాపు మీద ఒట్టేసిన మేడమ్. పుల్లకు చెప్పనని ఎయ్యలే."

అతను చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆర్ట్ టీచర్ నా మోచేయి తట్టి ఏమైందని అడిగింది. తండ్రి ఆరోగ్యం గురించి అడిగిందట అని చెప్పాను. ఆవిడ చీటీని తన వైపు తిప్పుకుని, కింద చివరి గడి మీద వేలు పెట్టింది.

"ఆమె ఏమంటున్నది?" అన్నాడు అతను.

"రోగం గురించి అయితే, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి చూడమని ఉందట."

"ఏటేట మెడికల్ చేస్తరు మేడమ్. మంచిగున్నప్పుడే పోత, ఫిట్ అంటరు." అతను నవ్వబోయాడు, రాలేదు. "నాకెరుకలేదా? గని అన్‌ఫిట్ అని రాస్తే ఏమైతది? క్రేన్ మాఫీ, ఫ్యామిలీ స్టేటస్ మాఫీ, అన్ని పోతయ్, ఖలాస్. దీని సదువు అయ్యేదాక ఎట్లనన్న గుంజుకపోదామనుకున్న."

"పై నుంచి పడితే గుంజుకుపోవడం ఏముంటుంది తమ్ముడూ?" అన్నాను. "నువ్వు ఒక్కడివే పడవు. కింద పనిచేసేవాళ్ళు ఉంటారు. నువ్వు మోసే బరువు వాళ్ళ నెత్తిమీద ఉంటుంది."

ఆ మాట తగిలింది. అతనికి తన ప్రాణం కంటే కింద ఉన్నవాళ్ళ ప్రాణం మీద లెక్క ఎక్కువ, మంచి ఆపరేటర్ కదా. చాలాసేపు తన అరచేతుల్ని చూసుకున్నాడు. తర్వాత ఆర్ట్ టీచర్ భుజానికి ఉన్న సంచి వైపు చూశాడు.

"అండ్లనే ఉన్నయా పుల్లలు? ఒక్కపారి నన్ను తియ్యమనున్రి మేడమ్. డాక్టర్ కాడికి పోతే నౌకరి ఉంటదా పోతదా, గది అడుగుత."

నేను అనువాదం చేసి చెప్పాను. చెబుతూనే భయపడ్డాను. ప్రిన్సిపల్ గది గోడ అవతలే ఉంది. గొట్టం బయటికి తీస్తే, ఎవరైనా తలుపు తోస్తే, ఆవిడ ఉద్యోగం అక్కడితో సరి. తీయనంటే ఈ మనిషి లేచి డ్యూటీకి వెళ్ళిపోతాడు. ఆవిడ ఒక్క క్షణం సంచి మీద చెయ్యి వేసింది. అతని చేతులు వణుకుతుండడం నాకంటే ముందు ఆవిడే చూసింది.

"మా అమ్మమ్మ చేతులు వణికేవాళ్ళకు గొట్టం ఇచ్చేది కాదు" అంది. "ముందు ఏమైనా తినిపించేది. పొద్దున ఏమైనా తిన్నారా అని అడుగు."

తినలేదు. డ్యూటీకి ఆలస్యంగా వస్తానని చెప్పి ఇటు వచ్చాడట. ఆవిడ గబగబా క్యాంటీన్‌కు వెళ్ళి కరక్ చాయ్, పరోటాలు తెచ్చింది. మా ముగ్గురు ఆడవాళ్ళ ముందు కూర్చుని తినడానికి అతనికి మొహమాటం వేసింది. కూతురు పరోటా తుంచి అతని చేతిలో పెట్టింది. తిన్నాడు. చాయ్ సగం తాగాక ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. పుల్లల మాట మళ్ళీ ఎత్తలేదు.

"సరే మేడమ్. ఐతారం డాక్టర్‌కు చూపెట్టుకుంట" అన్నాడు.

"ఐతారం గాదు. ఇయ్యాల్నే" అంది కూతురు.

"డ్యూటీ ఉన్నది బిడ్డా."

"ఇయ్యాల్నే, బాపూ."

ఆ పిల్ల గొంతు పెంచలేదు. అతను కూతురి ముఖం చూసి, జేబులోంచి ఫోన్ తీసి సైట్ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. హిందీ, అరబీ, ఇంగ్లీషు కలిపి, తబియత్ ఖరాబుందని, ఈ రోజు పైకి ఎవరినైనా వేరేవాళ్ళని పంపమని చెప్పాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో అలా చెప్పడం అదే మొదటిసారట. నేను ప్రిన్సిపల్‌కు రెండు ముక్కల్లో విషయం చెప్పి, వాళ్ళిద్దరినీ నా కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో అతనే భార్యకు ఫోన్ చేసి చెప్పాడు. అవతల నుంచి ఏడుపు వినబడితే, "అరే, ఏమైతలేదే, నడుసుకుంటనే పోతున్న" అన్నాడు. కార్లో కూర్చుని నడుచుకుంటూ పోతున్నానని చెప్పిన మనిషిని అతన్నొక్కణ్ణే చూశాను.

ఆ రోజే అతన్ని వార్డులో చేర్చుకున్నారు. గుండె కొట్టుకోవడం మధ్య మధ్య బాగా మందగిస్తోందట. ఒక్కోసారి కాసేపు ఆగిపోతోంది కూడా. అప్పుడే కళ్ళకు చీకట్లు కమ్మేది. ఛాతీలో చిన్న యంత్రం అమర్చాలన్నారు, అమర్చారు. ఇంకొకసారి నిచ్చెన మీద వచ్చి ఉంటే అని డాక్టర్ మాట మొదలుపెట్టి, అమ్మాయి వింటోందని గమనించి ఆపేశాడు. కూతురు ఆ వార్డులోనే ఫోన్‌లో నీట్ దరఖాస్తు నింపింది. మంచం మీద నుంచి తండ్రి, స్పెల్లింగు చూసుకో బిడ్డా అంటూనే ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు స్పెల్లింగు రాదు.

కొన్ని రోజుల తర్వాత ఆర్ట్ రూములో కూర్చున్నప్పుడు, ఆ చీటీ సంగతి మళ్ళీ వచ్చింది. "రోగం గడిలో అంత కచ్చితంగా ఎలా వచ్చిందంటావు?" అని అడిగాను. నాకూ ఎక్కడో కాస్త జంకుగా ఉంది మరి.

ఆవిడ కుంచె కడుగుతూ నవ్వింది. "నూరు చీటీల్లో దాదాపు అన్నింటిలోనూ రోగం గడిలో ఉండేది అదే. ఆలస్యం చేయకు, వైద్యుణ్ణి చూడు. ఆ పద్యాలు రాసినవాళ్ళు తెలివిలేనివాళ్ళు కాదు."

గొట్టం మళ్ళీ స్కూలుకు రాలేదు. రెండో ఫిర్యాదూ రాలేదు. ప్రిన్సిపల్ ఆ తర్వాత ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు గానీ, ఆ ఏడాది ఆర్ట్ టీచర్ కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది. పిల్లలు ఆర్ట్ రూముకు పోవడం మానలేదు. పుల్లలు లేకపోయినా అదే బల్ల, అవే రంగు డబ్బాలు, అదే మనిషి. అది చూసి నేనూ నా గది తలుపు తీసి ఉంచడం మొదలుపెట్టాను. ఏమవుతావు అని అడగడం తగ్గించి, నన్నేమైనా అడగాలని ఉందా అనేదాన్ని. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీకు నేను చెప్పగలిగిన కిటుకు ఏదైనా ఉంటే అదొక్కటే. చాలామంది అప్పుడు కూడా ఏం లేదు మేడమ్ అనే వెళ్ళిపోతారు. ఫరవాలేదు, కొందరు గుమ్మం దాటబోయి వెనక్కి వస్తారు.

ఆ కుటుంబానికి అంతా సాఫీగా జరిగిందని చెప్పను. యంత్రం ఉన్న మనిషిని కంపెనీ క్రేన్ ఎక్కనివ్వదు. మొదట ఎగ్జిట్, అంటే దేశం వదిలి ఇంటికి పొమ్మని, అన్నారు. సైట్ ఇంజినీరు ఒక ఈజిప్టు ఆయన, ఇక్కడి ఆపరేటర్లలో సగం మందికి పని నేర్పింది ఇతనే, కింద నిలబడి నేర్పడానికి గుండెతో పనేమిటని పట్టుబట్టాడట. ఉద్యోగం నిలిచింది. పదవి తగ్గింది, ఫ్యామిలీ స్టేటస్ పోయింది. భార్యా కూతురూ ఇండియాకు, అతను మళ్ళీ క్యాంపుకు. అక్కడ గదిలో మన జిల్లాలవాళ్ళే, వంతులవారీగా అతని చేత గోళీలు మింగిస్తారని ఆనక తెలిసింది.

అమ్మాయికి నీట్‌లో సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. ఊరికి దగ్గర్లోనే వ్యవసాయ డిగ్రీలో చేరడానికి నిర్ణయించుకుంది. ఈసారి ఎవర్నీ అడగలేదు, పుల్లనూ అడగలేదు, నా కంప్యూటర్నీ అడగలేదు. గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనే ఊళ్ళో చుట్టాలు మాత్రం దుబాయ్‌ల సదివి అచ్చి పొలం పనేందని ముక్కున వేలేసుకున్నారట.

ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. తల్లి సర్వపిండి చేసి తెచ్చింది. ఆర్ట్ టీచర్‌ను కూడా పిలిచాను. ఆవిడా, ఆ తల్లీ ఒకరి భాష ఒకరికి రాకుండానే వంటింట్లో చాలాసేపు ముచ్చట పెట్టుకున్నారు. అతను బక్కచిక్కాడు గానీ మా గుమ్మం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోలేదు. నేను చూశాను. కూతురు కూడా చూస్తూనే ఉంది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను.

"బాపును వదిలి వెళ్తున్నావు కదా. ఇప్పుడు భయం లేదా?"

"ఉన్నది మేడమ్" అంది వెంటనే. "గప్పుడు నేనొక్కదాన్నే భయపడుతుంటి. ఇప్పుడు అమ్మకూ ఎరుకే, బాపుకూ ఎరుకే. ముగ్గురం కలిసి భయపడుతున్నం." తండ్రి కారు దగ్గర నుంచి రమ్మని చెయ్యి ఊపితే అటు తిరిగి, మళ్ళీ నా వైపు చూసి నవ్వింది. "మనసు జెర అల్కగున్నది."